డింప్నా మెక్‌గర్ అడిగిన చట్టం

డింప్నా మెక్‌గర్ నవ్వు ఆమె బస్సు హారన్ కన్నా ముందే వినిపిస్తుందని ఉత్తర ఐర్లండ్‌లోని టైరోన్ కొండల్లో పిల్లలు చెప్పుకునేవాళ్లు. ఆమె ఏళ్ల తరబడి కేథలిక్కుల బడికి బస్సు నడిపింది. అదే ఇరుకు దారిలో, అదే వేళకు, ప్రొటెస్టెంట్ల బడి బస్సు ఎదురొచ్చేది. రెండూ సగం ఖాళీ. ఎవరో ఒకరు వెనక్కి తీస్తే తప్ప రెండోది కదలదు. "మన రాజ్యం ఎలా నడుస్తోందో తెలుసుకోవడానికి పుస్తకాలెందుకురా, పొద్దున్నే నా బస్సెక్కండి చాలు" అనేది పిల్లలతో.

భర్త మలాకీ ఆమెకు పూర్తి వ్యతిరేకం. పలకరిస్తే తలూపేవాడు, మరీ సంతోషం కలిగితే రెండుసార్లు ఊపేవాడు. వాలు మీద తడినేల, కొన్ని మాంసపు పశువులు, ఒక కొట్టం, అదీ వాళ్ల సంసారం. పిల్లలు కలగలేదు. సాయంత్రం ఆమె బస్సు ఊడుస్తుంటే మలాకీ రెండు కప్పుల టీ తెచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. ఆమె ఆ రోజు సంగతులన్నీ చెప్పేది. ఆయన వినేవాడు.

కంచె అవతల నోయెల్ బుకానన్, అతని భార్య హేజెల్. వాళ్లు ప్రెస్బిటేరియన్లు, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. జూలైలో నోయెల్ మెడలో నారింజరంగు పట్టీ వేసుకుని ప్రొటెస్టెంట్ల ఊరేగింపుకు వెళ్తే మలాకీ అతని పశువులకు మేత వేసేవాడు. మలాకీ ఆదివారం గేలిక్ ఫుట్‌బాల్ చూడటానికి పోతే నోయెల్ ఇటు వచ్చేవాడు. ఒకరి చర్చిలోకి ఒకరు అడుగు పెట్టింది లేదు, ఒకరి ఓటు గురించి ఒకరు అడిగిందీ లేదు. ఆవుకు ఈత కష్టమైతే మాత్రం నలుగురూ ఒకే దీపం కింద చేరేవాళ్లు.

చలికాలమంతా పశువులు కొట్టంలోనే ఉంటాయి. నేలంతా సందులున్న సిమెంటు పలకలు. పేడ, మూత్రం ఆ సందుల్లోంచి కింది తొట్టిలోకి జారుతాయి. ఫిబ్రవరిలో పొలానికి చల్లే ముందు తొట్టిలో గడ్డకట్టినదాన్ని యంత్రంతో కలియబెట్టాలి. కలియబెట్టగానే అడుగునున్న విషవాయువు ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఒక్క ఊపిరి చాలు. ఆ సంగతి అక్కడ తెలియని రైతు లేడు. అయినా, పైపొర విరిగిందో లేదో చూద్దామని తల వంచనివాడూ తక్కువే.

ఆ రోజు మలాకీ తల వంచాడు. కంచె అవతల నుంచి నోయెల్ అతను కూలిపోవడం చూశాడు. హేజెల్ "వద్దు నోయెల్, వద్దు" అని అరుస్తూనే ఉంది. అతను పరుగెత్తుకుంటూ వచ్చి లోపలికి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు.

పిల్లల్ని దింపి డింప్నా బస్సు వాకిట్లోకి తెచ్చేసరికి యంత్రం ఇంకా నడుస్తోంది. హేజెల్ చేతిలో ఫోను పట్టుకుని కొట్టం ముందు నిలబడి ఉంది. డింప్నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. తలుపు వైపు దూకింది. హేజెల్ ఆమెను వెనక నుంచి రెండు చేతులతో చుట్టేసింది. డింప్నా భారీ మనిషి, హేజెల్ బక్కమనిషి. అయినా వదల్లేదు. బురదలో ఇద్దరూ పడ్డారు. పడ్డా వదల్లేదు.

"నా మొగుడు కూడా లోపలే ఉన్నాడే. పోతే నువ్వూ పోతావు. నేను ఒక్కదాన్నే ఏం చెయ్యను?" అంది హేజెల్ ఆమె చెవిలో.

మలాకీ శవజాగారానికి ఇల్లు పట్టనంత మంది వచ్చారు. టీలు, గుడ్డూ ఉల్లిపాయ పెట్టిన బ్రెడ్డు ముక్కలు, మూల మూలనా కుర్చీలు. అప్పటికి బెల్‌ఫాస్ట్ కొండమీది శాసనసభలో ఆ ప్రాంతం సభ్యుల్లో ఒకడు ఫెర్గల్ టోనర్. ఆ ఊళ్లోనే పుట్టాడు. చిన్నప్పుడు డింప్నా బస్సులో బడికి వెళ్లినవాడే. అతను తెల్లారేదాకా కూర్చున్నాడు. ఖాళీ కప్పులు కడిగాడు. మర్నాడు శవపేటికకు భుజం పట్టాడు. ఆ తర్వాతి రోజు నోయెల్ అంత్యక్రియలకు డింప్నా మొదటిసారి ప్రెస్బిటేరియన్ చర్చిలోకి వెళ్లి హేజెల్ పక్కన కూర్చుంది. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక హేజెల్ మోచేతిని చూసి లేచింది, కూర్చుంది.

నెల దాటాక ఫెర్గల్ మళ్లీ వచ్చాడు. అప్పుడతను సభలో వ్యవసాయం చూసే కమిటీకి చైర్మన్.

"డింప్నా, ఊరికే ఏడుస్తూ కూర్చోవద్దు. కమిటీ ముందుకు రా. జరిగింది చెప్పు. మంత్రిని అడగక్కర్లేదు, కమిటీయే బిల్లు పెట్టగలదు. ఆ అధికారం మాకుంది."

"నేనేం చెప్పగలను ఫెర్గల్? నాకు పిల్లల మీద అరవడం తప్ప ఏం రాదు."

"నా మీద అరిచి కూర్చోబెట్టావుగా పదేళ్లు. వాళ్లనీ కూర్చోబెట్టు."

ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. "హేజెల్ కూడా వస్తుంది. ఆమె లేకుండా నేను రాను" అంది.

ఆమె అడిగింది పెద్ద కోరికేం కాదు. కలియబెట్టే యంత్రం కొట్టం లోపల కాకుండా బయట నుంచి పెట్టేలా ప్రతి తొట్టికీ ఒక నోరు ఉండాలి. పాతవాటికి ప్రభుత్వం సాయం చెయ్యాలి. కొత్తవాటికి అది లేనిదే అనుమతి ఇవ్వకూడదు. అంతే.

బెల్‌ఫాస్ట్ పొలిమేరలో ఆ కొండ, కొండ మీదికి తిన్నగా పోయే పొడవాటి దారి, చివర తెల్లరాతి భవనం. అందులో ఒక గది, గుర్రపు లాడం ఆకారంలో బల్ల. ఒకవైపు ఐర్లండ్‌తో కలవాలనేవాళ్లు, ఒకవైపు బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లు, మధ్యలో ఏ వైపూ కానివాళ్లు. టీవీలో ఎప్పుడూ ఒకరి మీద ఒకరు విరుచుకుపడేవాళ్లు అక్కడ ఒకే ప్లేటులో బిస్కెట్లు తీసుకుంటుంటే డింప్నాకు వింతగా అనిపించింది.

శాఖ అధికారి ఒకాయన ముందుగా మాట్లాడాడు. "రైతాంగాన్ని కలుపుకొని వెళ్లాలి. అవగాహన పెంచడం మీద దృష్టి పెడుతున్నాం. చట్టం సంగతి పరిశీలనలో ఉంది."

ఫెర్గల్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేను మోసిన పెట్టె బరువు నా భుజానికి ఇంకా తెలుస్తోందండీ. ఇంకా ఎంతమందిని మోస్తే మీ పరిశీలన పూర్తవుతుంది?"

అవతలి పక్షం సభ్యుడు మెర్విన్ క్లార్క్, హేజెల్ వాళ్ల మనిషి, బల్ల మీద కొట్టాడు. "ఈ విషయంలో చైర్మన్ మాటే నా మాట. రాసుకోండి, ఇది రోజూ జరిగే సంగతి కాదు" అన్నాడు. అందరూ నవ్వారు.

తర్వాత డింప్నా మాట్లాడింది. ఎప్పుడు మొదలుపెట్టిందో ఎప్పుడు ఆపిందో ఆమెకు గుర్తు లేదు. హేజెల్ ఒక్క మాటే చెప్పింది. "మా ఆయనకు లోపల గ్యాస్ ఉందని తెలుసు. తెలిసే వెళ్లాడు. పక్కింటివాడు పడిపోతే చూస్తూ నిలబడే మనిషి కాదు. అలాంటివాళ్లు ఈ దేశంలో ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమైనా చట్టం కావాలి."

బయటికొచ్చాక మెట్ల మీద ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడితే ఎవరో ఫోటో తీశారు.

కమిటీ బిల్లు తయారుచేసింది. రెండు వైపులవాళ్లూ ఒప్పుకున్నారు. సభలో తొలి మెట్టు దాటింది, రెండో మెట్టు ఒక్క అభ్యంతరం లేకుండా దాటింది. కమిటీలో క్లాజుల మీద వాదులాడుకున్నప్పుడల్లా ఫెర్గల్ రాత్రి ఫోను చేసి చెప్పేవాడు. "ఇంత లోతుగా పనిచేసిన కమిటీ నేను చూడలేదు డింప్నా. టీవీవాళ్లకు ఇది కనిపించదు. కొట్టుకుంటేనే కనిపిస్తాం" అనేవాడు. ఆమె నమ్మింది. దుకాణంలో ఎవరైనా రాజకీయ నాయకుల్ని తిడితే అడ్డుపడేది. "పోయి చూశావా నువ్వు? నేను చూశాను. పని చేస్తారు వాళ్లు" అనేది.

చివరి మెట్టు మిగిలి ఉండగా పైన గొడవ మొదలైంది. అది వీళ్ల బిల్లు గురించి కాదు. ఇంకేదో కుంభకోణం, ఇంకేవో పట్టింపులు. అక్కడి ఏర్పాటు ప్రకారం ముఖ్యమంత్రి హోదాలో పెద్ద కుర్చీలు రెండు, చెరో పక్షానికి ఒకటి. ఒకరు లేచిపోతే రెండోవారూ లేవాల్సిందే. ఒకరు లేచారు. ప్రభుత్వం పడిపోయింది. సభ రద్దయింది. పూర్తికాని బిల్లులన్నీ దాంతోపాటే చచ్చిపోయాయి.

"చచ్చిపోవడమేంటి?" అంది డింప్నా ఫోన్లో. "ఆగిపోవడం కదా? మళ్లీ అక్కణ్ణించే మొదలవుతుంది కదా?"

"లేదు. మళ్లీ మొదట్నుంచి" అన్నాడు ఫెర్గల్. "మా తప్పేం లేదు డింప్నా. వాళ్లు మనల్ని మనుషులుగా చూడకపోతే ఎలా కూర్చుంటాం?"

అవతల మెర్విన్ హేజెల్‌తోనూ అదే అన్నాడు, పేర్లు మార్చి.

ఎన్నికలు జరిగాయి, అందరూ మళ్లీ గెలిచారు, సభ మాత్రం కూర్చోలేదు. మూడేళ్లు కూర్చోలేదు. కమిటీ గదులకు తాళాలు వేశారు. సభ్యుల జీతాలకు మాత్రం తాళం పడలేదు. ఆ మూడేళ్లలో పొరుగు జిల్లాలో ఒక తండ్రి, ఇంకోచోట ఇరవై దాటని కుర్రాడు అలాంటి తొట్ల దగ్గరే పోయారు. రెండు ఇళ్లకూ డింప్నా, హేజెల్ కలిసి వెళ్లారు. ఏం చెప్పాలో తెలియక టీ గిన్నెలు కడిగి వచ్చారు.

చివరికి ఏదో ఒప్పందం కుదిరి సభ తెరుచుకుంది. పార్టీలు వాటి బలాన్ని బట్టి వంతులవారీగా మంత్రి పదవులు ఎంచుకున్నాయి. రేడియోలో పేర్లు చదువుతుంటే డింప్నా బస్సును రోడ్డు పక్కన ఆపేసింది. వ్యవసాయ శాఖ, ఫెర్గల్ టోనర్. బస్సులో పిల్లలు తెల్లబోయి చూస్తుండగా ఆమె స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చింది, వెంటనే నవ్వింది. ఇంటికొచ్చి ఆపిల్ టార్ట్ చేసి కంచె దాటి హేజెల్ దగ్గరికి పరుగెత్తింది.

"మనవాడే మంత్రి హేజెల్! ఇంక ఎవర్నీ బతిమాలక్కర్లేదు."

"మీవాడు" అంది హేజెల్ నవ్వుతూ. "సరేలే, ఈ ఒక్కసారికి మనవాడు."

వసంతం గడిచింది. గడ్డికోతలు అయిపోయాయి. ఫెర్గల్ నుంచి ఫోను రాలేదు. ఆమె చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి, మంత్రిగారు సమావేశంలో ఉన్నారనేది. పశువులు మళ్లీ కొట్టాల్లోకి చేరే వేళకు కమిటీ ఈ విషయం మీద మంత్రిని పిలిచిందని తెలిసి ఇద్దరూ బెల్‌ఫాస్ట్‌కు బయల్దేరారు. ఇప్పుడు చైర్మన్ మెర్విన్ క్లార్క్. అదే గది, అదే లాడం బల్ల. ఒకప్పుడు అధికారి కూర్చున్న కుర్చీలో ఫెర్గల్ కూర్చున్నాడు. వెనక వరుసలో ఉన్న డింప్నాను చూసి తలూపాడు.

"రైతాంగాన్ని కలుపుకొని వెళ్లాలి అధ్యక్షా" అన్నాడు ఫెర్గల్. "అవగాహన మీదే ముందు దృష్టి పెడుతున్నాం. స్వచ్ఛందంగా పాటించే నియమావళి ఒకటి తెస్తాం. చట్టం సంగతి పరిశీలనలో ఉంది."

డింప్నా తను సరిగ్గా వినలేదేమో అనుకుంది. హేజెల్ వైపు చూసింది. హేజెల్ కిందికి చూస్తోంది.

మెర్విన్ విరుచుకుపడ్డాడు. సిగ్గులేదా అన్నాడు, విధవల కన్నీళ్లన్నాడు, మంత్రి మాట మార్చాడన్నాడు. ఫెర్గల్ పక్షంవాళ్లు మంత్రిని వెనకేసుకొచ్చారు. మూడేళ్లు సభను మూసింది మీరంటే మీరని కేకలు వేసుకున్నారు. ఆ అరుపుల్లో తొట్టి మాట ఎప్పుడో మరుగున పడింది. ఆఖరుకు మెర్విన్ గడియారం చూసి, "మంత్రి సమాధానాన్ని కమిటీ గమనంలోకి తీసుకుంది" అన్నాడు. వెంటనే తర్వాతి విషయానికి వెళ్లారు. అది బంగాళదుంప విత్తనాల గురించి.

నడవలో డింప్నా మెర్విన్‌ను ఆపింది. హేజెల్ పక్కనే ఉంది. ఇతనైనా తమ వైపు ఉన్నాడన్న ఆశ ఆమెకు ఇంకా చావలేదు.

"మీరు చైర్మన్ కదండీ. అప్పట్లాగే కమిటీయే బిల్లు పెట్టొచ్చుగా? అప్పుడు మీరూ ఓటేశారు."

"వేశానమ్మా. మళ్లీ వేస్తాను" అన్నాడు మెర్విన్ మర్యాదగా. "కానీ నేను పెడితే మంత్రి మనుషులు ముప్పై సంతకాలు కూడగట్టి ఆక్షేపణ పత్రం ఇస్తారు. అప్పుడు రెండు వర్గాల సభ్యుల్లోనూ విడివిడిగా మెజారిటీ రావాలి. నెగ్గదు."

"తొట్టిలో పడి చావడానికి వర్గమేంటండీ?"

"అది మీరు మంత్రిగారినే అడగాలి." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాలంటే, మా ఊళ్లలో రైతులూ ఈ చట్టం వద్దంటున్నారు. ఖర్చంటున్నారు. అతను ఆపితే మావాళ్ల ముందు నేను చెడ్డవాణ్ని కాను. కోప్పడకండి, ఉన్నమాట చెప్పాను."

కొండదారి దిగుతూ హేజెల్ అంది. "నోయెల్‌ని పూడ్చిననాడు కూడా ఇంత చలి వెయ్యలేదు."

వేసవిలో పశువుల ప్రదర్శనకు పిలుపు వచ్చింది. మంత్రిగారు నియమావళి పుస్తకం విడుదల చేస్తారు, మీరిద్దరూ తప్పక రావాలని. హేజెల్ రానంది. డింప్నా వెళ్లింది, ఎందుకో ఆమెకే తెలియదు. బహుశా అతని ముఖం దగ్గర్నుంచి చూడాలని.

డేరాలో బల్ల నిండా పుస్తకాలు పేర్చి ఉన్నాయి. అట్ట మీద ఆమే ఉంది, హేజెల్ చేయి పట్టుకుని, తెల్లరాతి మెట్ల మీద. కింద పెద్ద అక్షరాలు: "రెండు వర్గాలు, ఒకే భద్రత." ఆ ఫోటో వాడుకోవచ్చా అని ఎవరూ అడగలేదు. లోపల పేజీలు తిప్పింది. తొట్టి నోరు బయట ఉంటే మంచిదని ఒకచోట ఉంది. 'మంచిది' అని. మలాకీ పేరు గానీ నోయెల్ పేరు గానీ ఎక్కడా లేవు.

ఫెర్గల్ ఆమెను చూసి జనంలోంచి తోసుకుంటూ వచ్చాడు. కొంచెం లావయ్యాడు. ముఖంలో మాత్రం ఆ రాత్రి కప్పులు కడిగిన కుర్రాడే.

"వచ్చావా డింప్నా! రావేమో అనుకున్నాను. రా, ఒక ఫోటో."

"ఇది చట్టం కాదు ఫెర్గల్."

"కాదు. కానీ ఏమీ లేనిదానికన్నా నయం కదా? నువ్వు నా చోట ఉండి చూడు. పార్టీలో పెద్ద రైతులంతా మీద పడ్డారు. వచ్చే ఏడు ఎన్నికలు. మనం రెండు సీట్లు పోగొట్టుకుంటే లాభం ఎవరికి? అవతలివాళ్లకి. వాళ్లొస్తే ఈ పుస్తకం కూడా ఉండదు."

"నువ్వు మలాకీని మోశావు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నటన కాదని ఆమెకు తెలుసు, అదే ఆమెను మరీ కోసింది. "మోశాను. అవసరమైతే మళ్లీ మోస్తాను, ఎవరినైనా" అన్నాడు.

"మళ్లీ మోస్తావనే నా భయం" అంది డింప్నా. చేతిలో పుస్తకాన్ని బల్ల మీద బోర్లించి పెట్టింది. పిలుస్తున్నా వినకుండా గొర్రెల దొడ్ల పక్కనుంచి నడిచి, బస్సు పెట్టుకున్న చోటికి వెళ్లి, చాలాసేపు తాళం చెవి తిప్పకుండా కూర్చుంది. ద్వేషించగలిగితే తేలిగ్గా ఉండేది. అతను రెండో తరగతిలో వాంతి చేసుకుంటే తన స్వెట్టరుతో తుడిచిన రోజు గుర్తొచ్చింది, దాంతో అదీ చేతకాలేదు.

ఆ శీతాకాలం ఆమె ఎవరి సాయమూ లేకుండా సొంతంగా తన తొట్టికి బయట నోరు పెట్టించింది. అందుకోసం కింది పొలం అమ్మేసింది. మరుసటి నెలలో హేజెల్ కొట్టానికీ అదే మేస్త్రీ వచ్చాడు.

తర్వాతి మేలో ఎన్నికలు వచ్చాయి. ఫెర్గల్ మనుషులు తలుపు తడితే డింప్నా టీ ఇచ్చింది, మాట ఇవ్వలేదు. పోలింగు గదిలో పెన్సిలు పట్టుకుని నిలబడింది. అక్కడ ఒకే నియోజకవర్గం నుంచి పలువురు గెలుస్తారు, పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని అంకెలు వెయ్యాలి. పుట్టి పెరిగిన ఇంట్లోనూ, మెట్టినింట్లోనూ, తనవాళ్లంతా ఎప్పుడూ ఆ ఒక్క పార్టీ పక్కనే ఒకటి వేశారు. ఆమె ఎక్కడా ఏ అంకె కూడా వెయ్యలేదు. కాగితం తెల్లగా మడిచి పెట్టెలో వేసింది. బయటికొస్తుంటే తన తండ్రి సమాధి ముందు ఏదో తప్పు చేసినట్టు అనిపించింది.

ఫెర్గల్ గెలిచాడు. మెర్విన్ కూడా. రేడియోలో వార్త విన్న సాయంత్రం ఆమె కంచె దగ్గరికి వెళ్లింది. హేజెల్ కోళ్లకు గింజలు వేస్తోంది.

"విన్నావా? ఇద్దరూ మళ్లీ వచ్చారు" అంది డింప్నా. "నేను ఎవరికీ వెయ్యలేదు. నువ్వూ అంతేగా?"

హేజెల్ గింజల గిన్నెలోకి చూసింది. "నేను మెర్విన్‌కి వేశాను."

"నడవలో అతను చెప్పింది విన్నావు కదా? నీ పక్కనే నిలబడి చెప్పాడు."

"విన్నాను."

"విని కూడానా?"

"ఏం చెయ్యమంటావే? నేను వెయ్యకపోతే మీవాళ్లకు ఇంకో సీటు పెరుగుతుంది. మా పాస్టరు నుంచి మా అన్న దాకా అందరూ అదే అంటారు. లోపలికి వెళ్లేదాకా వెయ్యకూడదనే అనుకున్నాను. ఒట్టు. పెన్సిలు పట్టుకుంటే చెయ్యి దానంతటదే పోయింది."

డింప్నాకు కమిటీ గదిలోనూ, డేరాలోనూ కలగని నొప్పి అప్పుడు కలిగింది. 'మీవాళ్లు' అన్న మాట చెవిలో గింగురుమంటోంది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయింది. రెండు వారాలు ఆ కంచె వైపు పోలేదు. హేజెల్ వాకిట్లోకి వస్తే తను లోపలికి వెళ్లేది. బస్సులో కూడా ఆమె నవ్వు వినపడలేదని పిల్లలు ఇళ్లల్లో చెప్పారు.

గడ్డి మొదటి కోతకు ముందు ఆమె తొట్టి ఖాళీ చెయ్యడానికి ట్రాక్టరు వచ్చింది. గాలి బాగా వీస్తోంది. పశువులన్నిటినీ బయటి దొడ్లోకి తోలింది. తలుపులన్నీ తెరిచింది. డ్రైవరు యంత్రాన్ని బయటి నోట్లో దించి, కలియబెట్టడం మొదలుపెట్టి, దూరంగా వచ్చేశాడు. డింప్నా గేటు బయట నిలబడింది.

కంచె దాటి హేజెల్ వచ్చింది. పిలవకుండానే వచ్చింది. పక్కన నిలబడి ఫోను చేతిలో పట్టుకుంది, అవసరమైతే ఉంటుందని.

"ఒక్కదానివే నిలబడకు" అంది.

డింప్నా ఆమె వైపు చూడలేదు. కొంచెం పక్కకు జరిగి గాలి తగలని చోటు ఇచ్చింది. లోపల యంత్రం తిరుగుతున్నంతసేపూ ఇద్దరూ ఖాళీ కొట్టాన్నే చూస్తూ నిలబడ్డారు.